పావు తక్కువ గాలి

"గాలి పావు తక్కువ పెట్టు యాకూ,
పోరలు ఉత్తకాళ్లతోని ఆడుతరు."
ఇరవై రెండేండ్లు
పరకాల బస్టాండు ఎన్క, నా పంక్చరు డబ్బా ముంగట
సైకిలు దిగకుండనే సారు అన్న మాట.
నేల మీద ఆనిచ్చేది ఎప్పుడూ కుడి కాలే.
ఎడమదాన్ని నమ్మడు.

ఒకప్పుడు సుబేదారి కాలేజీ అంతా నమ్మిన కాలు అది.
వాళ్ల నాయిన ఆజంజాహి మిల్లుల నాడె ఉరికిస్తే
సారంగపాణి సారు గ్రౌండు అంచెంబడి
తనే నాడెలెక్క ఉరికెటోడట.
చెప్పింది ఆయన గాదు.
మేం జోనల్ ఆడవోయిన నాడు
కాజీపేట రైల్వే గ్రౌండు కాడ ఛాయ్ అమ్మే ముసలాయన చెప్పిండు:
"మీ సారు మోకాలు ఇరిగిన సప్పుడు
గూడ్సుబండి డబ్బాలు తగిలిచ్చినట్టు
నాకు ఈడికి ఇనొచ్చింది బిడ్డా."

తర్వాత ఒక సర్కారు కాయితం.
వ్యాయామ ఉపాధ్యాయుడు, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల.
అంటే ప్రేయర్ల సావధాన్, విశ్రామ్.
లెక్కల సారు రాకపోతే తొమ్మిది బి ని కూసోబెట్టుడు.
పంద్రాగస్టుకు రంగు కాయితాలు, ఓట్ల డ్యూటీ,
పగటి బువ్వ కాడ పప్పుల నీళ్లెన్నో సూసుడు.
అన్నీ ఒడిసినంక నాలుగున్నరకు
ఒక బంతి.

పత్తి ఏరే దినాలల్ల
పదకొండు మందిమి అయిదుగురమయ్యేది.
సారు చేను కాడికే వచ్చిండు.
"నాలుగున్నరకు ఇడిసిపెట్టు తల్లీ, అప్పటిదాంక నేను గూడ ఏరుత."
ఏరిండు. ఆకూ పత్తీ కలిపి ఏరిండు.
మా అవ్వ నవ్వుకుంట ఒడి ఇప్పి
అండ్లకెల్లి ఆకులన్ని మళ్ల ఏరి,
"తీస్కపో సారూ, నీతోని నష్టమే," అన్నది.

బూట్లు ఒక్కటే జత. సారు కాలేజీవి. తొమ్మిదో నెంబరు.
ముందు పేలికలు కుక్కుకొని
పెనాల్టీ కొట్టేటోడు తొడుక్కోవాలె.
జోనల్ ఫైనల్ల ఆఖరికి తొడుక్కున్నది నేను.
ఉరికొచ్చి తన్నిన.
బంతి పోలు మీదికెల్లి పోయి పట్టాల మీద పడ్డది.
బూటు మాత్రం
గోల్లకు పోయింది.

జనం నవ్విన్రు. సారు నవ్వలే, తిట్టలే.
బూటు తెచ్చుకొని పేలికలు తీసి సంచిల పెట్టుకున్నడు.
గుడెప్పాడు కాడ బస్సు ఆగితే అందరికి మిరపకాయ బజ్జీలు కొన్నడు,
నాకు రెండు ఎక్కువ.
తెల్లారి సున్నం బకెట్ నా చేతికిచ్చిండు.
"పెనాల్టీ చుక్క చెరిగింది. పెట్టు."
పెట్టిన.
"ఇంకింత పెద్దగ."

ఏండ్లు పోయినకొద్ది గ్రౌండు గుంజుకపోయింది.
ఒక దిక్కు నీళ్ల ట్యాంకి. ఇంకో దిక్కు అదనపు గదులు.
ఓ వానకాలం అఫీసర్లొచ్చి
గోలు ముందర్నే నాలుగు కానుగ మొక్కలు నాటి
ఫోటోలు దిగి పోయిన్రు.
సారు వాటి సుట్టూ ముండ్లకంప కట్టి
పోరలను పిలిచి అన్నడట:
"ఇగో, మనకు నలుగురు డిఫెండర్లు దొరికిన్రు.
తప్పిచ్చుకొని పోవుడు నేర్చుకోండ్రి.
పొద్దుగూకినంక నీళ్లు పోయిండ్రి."

రిటైరైన నాడు నేనూ పోయిన.
ముప్పై ఒక్క ఏండ్లకు ఒక్క రన్నరప్ కప్పు,
హెడ్‌మాస్టర్ బల్ల మీద, పెన్నులు ఏసుకున్నరు.
మైకు పట్టుకున్నాయన
"మన ఖో ఖో సారు" అన్నడు, రెండుసార్లు.
సారు దిద్దలే.
శాలువ మడత పెట్టుకుంట
కిటికిలకెల్లి కానుగచెట్ల దిక్కు సూస్తున్నడు.

ఆయన జాగల ఇంకా ఎవ్వలు రాలే.

మొన్న నాలుగున్నరకు
ఓ పిల్ల బంతి సంకల పెట్టుకొని డబ్బా కాడికొచ్చింది.
"ఫుల్లు కొట్టన్నా."
ముందుగాల కాళ్లు సూసిన.
బూట్లున్నయి. ఆమె కాళ్లకు అతికినయి.
అయినా పంపు మీద నా చెయ్యి
పావు ఇవతల్నే ఆగింది.
పిల్ల బొటనవేలితోని బంతిని నొక్కి
నా మొఖం దిక్కు సూసింది.
"ఇంకా."

కొట్టిన.